డిస్క్ 100 శాతం దగ్గర ఆగిపోతే ఫార్మాట్ కొట్టించాలా?

మీరు అడిగింది ఇదీ. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. 2018లో కొన్న డెస్క్‌టాప్. ఇంటెల్ ఐ3 ఏడో తరం, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున ఆన్ చేస్తే, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరుచుకునేసరికి పావుగంట పడుతోంది. పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) రాస్తుంటే మధ్యలో బిగుసుకుపోతోంది, టాస్క్ మేనేజర్‌లో చూస్తే డిస్క్ 100 శాతం. చూడ్డానికి వచ్చిన సర్వీసు అబ్బాయి "ఫార్మాట్ కొట్టి విండోస్ 11 వేసేద్దాం, రెండు గంటల పని" అన్నాడు. సీజన్ నడుస్తోంది, ఏడేళ్ల రైతుల ఖాతాలు అందులోనే ఉన్నాయి, ఒప్పుకోమంటారా అని.

ఒప్పుకోకండి. ముందు ఖాతాలు బయటికి తీసుకోండి, తర్వాత డిస్క్ ఆరోగ్యం చూడండి, ఫార్మాట్ మాట ఆ తర్వాత. మీరు చెప్పిన లక్షణాలకి నూటికి తొంభై పాళ్లు జబ్బు విండోస్‌ది కాదు, ఆ హార్డ్ డిస్క్‌దే అని నా అనుమానం. డిస్క్ జబ్బు పడితే దాని మీద విండోస్ ఎన్నిసార్లు వేసినా, పుచ్చిపోయిన దూలానికి సున్నం కొట్టినట్టే ఉంటుంది.

నేను బెజవాడ గవర్నర్‌పేటలో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ సర్వీసు చేస్తున్నాను. ఈ విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. పని మొదలుపెట్టిన కొత్తలో, సత్యనారాయణపురం నుంచి ఒక ఫొటో స్టూడియో ఆయన అచ్చం మీలాంటి ఫిర్యాదుతోనే సీపీయూ తెచ్చారు. డి డ్రైవ్‌లో ఫొటోలున్నాయి, సి ఒక్కటే ఫార్మాట్ చేయమన్నారు. చేశాను. విండోస్ ఫైళ్లు కాపీ అవుతుండగా సగంలో ఆగిపోయింది, డిస్క్‌లోంచి టిక్ టిక్ అని చప్పుడు మొదలైంది. మళ్లీ ఆ డిస్క్ ఏ కంప్యూటర్‌కీ కనిపించలేదు. నాలుగు పెళ్లిళ్ల ఫొటోలు పోయాయి. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధ. అప్పటి నుంచి ఎవరు ఏ మెషీన్ తెచ్చినా డిస్క్ ఆరోగ్యం చూడకుండా చెయ్యి వేయను.

ఇక అసలు విషయం. డిస్క్ 100 శాతం అంటే డిస్క్ నిండిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు. డిస్క్‌కి క్షణం తీరిక లేదని అర్థం. తీరిక ఎందుకు లేదన్నదే మనం కనిపెట్టాల్సింది. పని ఎక్కువైనా తీరిక ఉండదు, పని తక్కువే ఉన్నా చేసేవాడికి ఒంట్లో బాగాలేకపోయినా తీరిక ఉండదు. ఈ రెంటినీ విడదీసే అంకె మీ టాస్క్ మేనేజర్‌లోనే ఉంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ మీద నొక్కండి. 100 శాతాన్ని వదిలేసి కింద రెండు అంకెలు చూడండి: రీడ్ స్పీడు, యావరేజ్ రెస్పాన్స్ టైమ్. సెకనుకి 60, 80 ఎంబీ చదువుతూ 100 శాతం ఉంటే డిస్క్ ఒళ్లొంచి పని చేస్తోందన్నమాట. అదే సెకనుకి ఒక ఎంబీ కూడా చదవకుండా, రెస్పాన్స్ టైమ్ వెయ్యి, రెండు వేలు, ఐదు వేల మిల్లీసెకన్లు చూపిస్తుంటే అది జబ్బు. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్క్ అంత భారం లేనప్పుడు పది, ఇరవై మిల్లీసెకన్లలో జవాబిస్తుంది, భారం పడితే వందల్లోకి వెళ్లొచ్చు. నిమిషాల తరబడి వేలల్లోనే ఉంటే నేను మాత్రం నమ్మను.

ఇదెందుకు జరుగుతుందో మీ యార్డు లెక్కలోనే చెబుతాను. హార్డ్ డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరుగుతుంది. 7200 అంటే సెకనుకి 120 చుట్లు, ఒక్కో చుట్టుకి ఎనిమిది మిల్లీసెకన్ల పైచిలుకు. కావలసిన చోటికి ముల్లు వెళ్లాలి, ఆ చోటు తిరిగి ముల్లు కిందికి రావాలి. ఎంత లేదన్నా పన్నెండు, పదమూడు మిల్లీసెకన్లు. అంటే అక్కడో ముక్క, ఇక్కడో ముక్క తెమ్మంటే సెకనుకి ఎనభై ముక్కలు తేగలదు, అంతే. కోల్డ్ స్టోరేజీలో ఒకే ఒక్క హమాలీ ఉన్నాడనుకోండి. ఒకే లాటు వంద టిక్కీలు (మిర్చి బస్తాలు) వరసగా దింపమంటే చకచకా దింపుతాడు. ఒక్కో టిక్కీ ఒక్కో గదిలోంచి తెమ్మంటే మెట్లెక్కి దిగడానికే రోజు సరిపోతుంది. విండోస్ లేచేటప్పుడు అడిగేది ఆ రెండో పనే, వేల చిన్న ఫైళ్లు, తలా ఒక చోట. ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్‌లో తిరిగే పళ్లెమే లేదు కాబట్టి ఇదే పని సెకనుకి వేల సంఖ్యలో చేస్తుంది.

దీనికి తోడు పళ్లెం మీద కొన్ని సెక్టార్లు, అంటే సమాచారం రాసే చిన్న గళ్లు, బలహీనపడ్డాయనుకోండి. అక్కడి సమాచారం ఒక్కసారికి చదవడం కుదరదు. డిస్క్ మళ్లీ చదువుతుంది, మళ్లీ, మళ్లీ. ఒక్క సెక్టారు దగ్గర సెకన్ల కొద్దీ కాలం పోతుంది. అంతసేపూ విండోస్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. మీకు కనిపించేది బిగుసుకుపోయిన టాలీ.

మరి ఫార్మాట్ చేసినవాళ్లందరూ "ఇప్పుడు బాగుంది" అంటారే అని మీరు అడగొచ్చు. నిజమే, కొన్నాళ్లు బాగుంటుంది. బలహీనపడ్డ సెక్టారు మీద కొత్తగా రాయబోయినప్పుడు, అక్కడ కుదరకపోతే డిస్క్ దాన్ని పక్కన పెట్టి, తన దగ్గరున్న అదనపు సెక్టారు వాడుకుంటుంది. పైగా కొత్త విండోస్‌లో చెత్త తక్కువ. అందుకే ఆ హాయి. కానీ అదనపు సెక్టార్లు లెక్కకి ఉన్నవే. పాడవడం ఆగదు. నా దగ్గరికి వచ్చే చాలా మెషీన్లు "మూడు నెలల క్రితమే ఫార్మాట్ చేయించాం అండి" అనే మాటతోనే వస్తాయి.

డేటా తీసే పని ఇవాళే చేయండి, ఈ వరసలో. కొట్టు కట్టేశాక టాలీ పూర్తిగా మూసేయండి. కొత్త పెన్ డ్రైవ్ గానీ ఎక్స్‌టర్నల్ డిస్క్ గానీ పెట్టండి. మొదట కాపీ చేయాల్సింది టాలీ డేటా ఫోల్డరు ఒక్కటే. అది ఎక్కడుందో టాలీ ప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్‌లో డేటా కాన్ఫిగరేషన్ చూస్తే దారి కనిపిస్తుంది. లోపల ఒక్కో కంపెనీకి ఒక్కో అంకెల ఫోల్డరు ఉంటుంది, అన్నీ కలిపి మొత్తం ఫోల్డరు కాపీ చేయండి. దానికి అదనంగా ఆల్ట్ వై నొక్కి వచ్చే బ్యాకప్ కూడా తీయండి. తర్వాత డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్. ఈ డెస్క్‌టాప్‌ని చాలామంది మర్చిపోతారు, అది సి డ్రైవ్‌లోనే ఉంటుంది, ఫార్మాట్‌లో మొదట పోయేది అదే. ఆఖర్న బ్రౌజర్‌లో దాచుకున్న జీఎస్టీ, బ్యాంకు పాస్‌వర్డులు కాగితం మీద రాసుకోండి.

మొత్తం 1 టీబీ ఒకేసారి లాగబోకండి. జబ్బు డిస్క్‌కి అదే చివరి పరుగు కావచ్చు. విలువైనది ముందు, సినిమాలూ పాటలూ చివర.

కాపీ అయింది కదా అని ఊరుకోకండి. పక్క కొట్టులో కంప్యూటర్‌లో మీ టాలీ వెర్షన్ గానీ అంతకన్నా కొత్తది గానీ ఉంటే, ఆ కాపీని తెరిచి నిన్న రాసిన చివరి వోచర్ కనబడుతోందో లేదో మీ కళ్లతో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనను.

కాపీ ఒక ఫైలు దగ్గర పది నిమిషాలు కదలకపోతే ఆపేయండి. మెషీన్ షట్‌డౌన్ చేసి చల్లారనివ్వండి. అలాంటి డిస్క్‌ని విండోస్‌లోంచి కాకుండా లినక్స్ పెన్ డ్రైవ్‌తో లేపి, డీడీరెస్క్యూ అనే ఉచిత పరికరంతో బాగున్న భాగాలు ముందు, పాడైన చోట్లు చివర లాగుతాం. ఇది తెలిసినవాళ్ల చేత చేయించండి. డిస్క్ టిక్ టిక్ అంటుంటే మాత్రం కరెంటు తీసేయడం తప్ప ఇంకేమీ చేయకండి. అది ఇక డేటా రికవరీ ల్యాబ్ పనే.

ఇంకో గట్టి మాట. విండోస్‌లో డిస్క్‌ని తనిఖీ చేసే చెక్‌డిస్క్‌ని స్లాష్ ఆర్‌తో నడపమని ఎవరైనా చెబితే, డేటా బయటికి రాకముందు వద్దు. అది డిస్క్ మీద ఉన్న ప్రతి సెక్టారునీ చదివి చూస్తుంది, గంటలు పడుతుంది. మంచి డిస్క్‌కి పరవాలేదు. కొన ఊపిరితో ఉన్నదాన్ని కొండ ఎక్కిస్తే ఏమవుతుందో అదే అవుతుంది. ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ, డిజమ్ లాంటివి విండోస్ ఫైళ్లు బాగుచేసేవి, ఇనుముకి, అంటే డిస్క్‌కే జబ్బయితే వాటి అవసరం రాదు.

డేటా భద్రంగా బయటికి వచ్చాక డిస్క్ నాడి చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెరవగానే నీలం రంగులో గుడ్ అనో, పసుపు రంగులో కాషన్ అనో చూపిస్తుంది. ఆ రంగు కంటే కింద పట్టికలో మూడు వరసలు నాకు ముఖ్యం: 05, సీ5, సీ6. మొదటిది పక్కన పెట్టేసిన సెక్టార్లు, రెండోది అనుమానంలో ఉన్నవి, మూడోది ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. కుడి చివర రా వాల్యూస్ కింద మూడూ సున్నాలుంటే మంచిది. అక్కడ అంకెలు మామూలు దశాంశ పద్ధతిలో ఉండవు, అక్షరాలు కలిసి వస్తాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్‌కి వెళ్లి 10 డెక్ అని మార్చుకుంటే మనకి అర్థమయ్యే అంకెలొస్తాయి. సీ5 సున్నా కాకపోతే, ఆ అంకె రోజురోజుకీ పెరుగుతుంటే, ఆ డిస్క్ మీద లెక్కల పుస్తకం పెట్టకూడదు.

ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ కింద కూడా సాక్ష్యం దొరుకుతుంది. సోర్స్ దగ్గర డిస్క్ అని, ఐడీ 7 అని ఉంటే బ్యాడ్ బ్లాక్ తగిలిందని విండోస్ స్వయంగా రాసుకున్నట్టు. 153 అంటే అడిగింది రాక మళ్లీ అడగాల్సి వచ్చిందని.

ఒక్కోసారి డిస్క్ నిక్షేపంగా ఉంటుంది, నేరం వేరేవాళ్లది. తెనాలి నుంచి ఒక మందుల హోల్‌సేల్ వాళ్ల మెషీన్ వచ్చింది, అచ్చం ఇవే లక్షణాలు. 05, సీ5, సీ6 సున్నాలు. కానీ సీ7 అనే వరసలో మూడు వేల పైన అంకె. అది డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య తీగలో సమాచారం చెడిపోతోందని చెప్పే లెక్క. సాటా కేబుల్ మార్చాను, అంతే. వాళ్లు అప్పటికే రెండుసార్లు ఫార్మాట్ చేయించుకున్నారు.

మీ మెషీన్‌లో 4 జీబీ ర్యామ్ కూడా ఒక కారణం కావచ్చు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ (ర్యామ్ వాడకం) 85, 90 శాతం దాటి ఉంటే, చోటు చాలక విండోస్ ర్యామ్‌లో ఉండాల్సిన సరుకుని డిస్క్ మీద దింపుతూ ఎక్కిస్తూ ఉంటుంది. టాలీ, బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్, వాట్సాప్ మూడూ తెరిస్తే 4 జీబీ చాలదు. ఏలూరు రోడ్డు వైపు డీటీపీ చేసే ఒకాయన దగ్గర ఇదే, పైగా రెండు యాంటీవైరస్‌లు, అందులో ఒకటి క్రాక్. ప్రతి ఫైలునీ రెండూ సోదా చేస్తున్నాయి. రెండూ తీసేసి విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ని ఉండనిచ్చి, ఇంకో 4 జీబీ వేస్తే ఆ మెషీన్ ఇప్పటికీ పని చేస్తోంది.

యార్డులో ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది మిరప ధూళి. యార్డు నుంచి వచ్చిన సీపీయూ మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మీద, హీట్‌సింక్ సందుల్లో ఎర్రగా పేరుకుని ఉంటుంది. గాలి ఆడదు, ప్రాసెసర్ కాగుతుంది, కాగితే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి ఏసీ లేని కొట్టులో ఇంకా చెప్పక్కర్లేదు. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ (అక్కడ ఆ మాటకి ప్రాసెసర్ అని అర్థం) మీద నొక్కితే స్పీడు కనిపిస్తుంది, పని చేస్తున్నప్పుడు కూడా ఒక గిగాహెర్ట్జ్ లోపే ఉంటే వేడిని అనుమానించండి. యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు ఏటా ఒకసారి బ్లోయర్ పట్టించండి. ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపి. సీపీయూని నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి.

ఇప్పుడు మీ సర్వీసు అబ్బాయి చెప్పిన విండోస్ 11. దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ రైజెన్‌లో 2000 వరస నుంచి మాత్రమే, కొన్ని మినహాయింపులతో, మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కూడా ఉండాలి. మీది ఏడో తరం ఐ3, ఆ మినహాయింపుల్లో లేదు. రిజిస్ట్రీ అనే విండోస్ సెట్టింగుల చిట్టాలో మార్పు చేసి బలవంతంగా ఎక్కించొచ్చు, ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి మెషీన్‌కి అప్‌డేట్‌లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇంట్లో పిల్లలు ఆడుకునే దాని మీద ప్రయోగం చేసుకోవచ్చు, రైతుల డబ్బు లెక్కలున్న దాని మీద నేను చేయను.

అలాగని విండోస్ 10ని గాలికి వదిలేయడమూ సరికాదు. దానికి మామూలు భద్రతా అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. వ్యక్తిగత వాడకందారులకి ఈఎస్‌యూ అనే పొడిగింపు 2026 అక్టోబర్ 13 వరకు ఇచ్చారు. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2లో ఉంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే దారి కనిపిస్తుంది. ఆ గడువు లోపల కొత్త మెషీన్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి.

కాబట్టి మీకు నేను చేసి పెట్టేదైతే: 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ ఒకటి, ఇంకో 4 జీబీ ర్యామ్. పాత డిస్క్‌ని క్లోన్ చేయను, అంటే ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దింపను, పాడైన చోట్లు ఆ పనిని మధ్యలో ఆపేస్తాయి, చెత్త కూడా వెంట వస్తుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తీసిన అసలు విండోస్ 10ని 8 జీబీ పెన్ డ్రైవ్ మీద వేసుకుని, పాత డిస్క్ తీగ పీకేసి, ఎస్ఎస్‌డీ మీద తాజాగా ఎక్కిస్తాను. మీ విండోస్ లైసెన్స్ ఆన్‌లైన్‌లో యాక్టివేట్ అయి ఉంటే అది మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, డిస్క్ మారినా పోదు. టాలీ లైసెన్స్ మాత్రం పాత విండోస్ నడుస్తుండగానే సరెండర్ చేయండి, అంటే వెనక్కి ఇచ్చేయండి, ఎఫ్1 కింద సెట్టింగ్స్‌లో లైసెన్స్ దగ్గర ఉంటుంది. ఇది మర్చిపోతే సీజన్‌లో ఒక రోజు ఫోన్ల మీదే గడిచిపోతుంది. "అన్నీ ఉన్న విండోస్" అని క్రాక్ యాక్టివేటర్‌తో పెన్ డ్రైవ్ తెస్తే మాత్రం వద్దనండి. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే మెషీన్‌లో లోపల ఏముందో తెలియనిది పెట్టుకోకూడదు.

పాత డిస్క్‌ని చెరపకుండా నెల రోజులు బీరువాలో ఉంచండి. ఏదైనా మర్చిపోయి ఉంటే అడగడానికి అదొక్కటే ఉంటుంది. బ్యాకప్ కోసం మాత్రం వాడకండి.

కరెంటు సంగతి కూడా. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకి చచ్చిపోతుంది, పైకి లైటు వెలుగుతూనే ఉంటుంది. వోచర్ ఏదీ తెరిచి లేనప్పుడు ప్లగ్ తీసి చూడండి, మెషీన్ ఐదు నిమిషాలు నిలబడకపోతే బ్యాటరీ మార్చండి. ఇంకొకటి, మీరు రోజూ షట్‌డౌన్ చేస్తున్నా విండోస్ పూర్తిగా ఆగినట్టు కాదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం దాచుకుని పడుకుంటుంది. సీపీయూ పేజీలో అప్‌టైమ్ నలభై రోజులు చూపించడం ఇందుకే. వారానికోసారి రీస్టార్ట్ నొక్కండి.

బ్యాకప్ ఎక్కడ పెట్టాలన్నది నాకు 2024 సెప్టెంబర్ నేర్పింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, వారం తర్వాత నా బల్ల మీద బురద కారుతున్న సీపీయూలు వరసగా ఉన్నాయి. చాలామందికి బ్యాకప్ ఉంది, కానీ అదే టేబుల్ సొరుగులో, అదే నీళ్లలో. ఒక కిరాణా హోల్‌సేల్ ఆయన మాత్రం ప్రతి ఆదివారం గుంటూరులో కూతురింటికి వెళ్తూ పెన్ డ్రైవ్ తీసుకెళ్లి అక్కడ పెట్టి, పాతది తెచ్చుకునేవారు. ఆయనకి పోయింది ఆరు రోజుల లెక్కలే. మీరూ రెండు పెన్ డ్రైవ్‌లు పెట్టుకోండి, ఒకటి కొట్టులో, ఒకటి ఇంట్లో, వారానికోసారి మార్చుకోండి. కాపీ అయ్యాక ఊడదీసేయండి. తగిలించి ఉంచితే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజు దాన్నీ తాళం వేసేస్తుంది.

రాత్రికి టాలీ ఫోల్డరు కాపీ చేసి, తెరిచి చూసుకున్నాక, 05, సీ5, సీ6, సీ7 నాలుగు అంకెలూ, రెస్పాన్స్ టైమూ, ఖాళీగా ఉన్నప్పుడు మెమరీ శాతమూ ఇక్కడ రాయండి. మీ ర్యామ్ డీడీఆర్3నా డీడీఆర్4నా అన్నది కూడా, మెమరీ పేజీలో కనిపిస్తే, చెప్పండి, ఏడో తరం బోర్డుల్లో రెండూ వచ్చాయి. అది చూశాక ఏం కొనాలో చెబుతాను, ఈలోగా పెన్ డ్రైవ్ తప్ప ఏమీ కొనకండి.